కార్డ్‌లెస్ అంటే ఎంత దూరం?

2007లో సెలవుకి ఇంటికొస్తూ అమెరికా నుంచి ఒక కార్డ్‌లెస్ ఫోను పట్టుకొచ్చాను. మా ఇల్లు గుమ్మలక్ష్మీపురంలో. పార్వతీపురం నుంచి ముప్ఫై కిలోమీటర్లు అటూ ఇటూ, చుట్టూ కొండలు, ఆ కొండల్లో సవర, జాతాపు గూడేలు. నాన్న అక్కడ ఆశ్రమ పాఠశాలలో మాస్టారు. అంతదూరం మోసుకొచ్చిన ఫోను మొదటి రోజే చచ్చింది. 110 వోల్టుల ఎడాప్టరుని తిన్నగా మన 230లో పెట్టాను మరి! ఇంజినీరు కొడుకు తెచ్చిన వస్తువులోంచి పొగ రావడం చూసి నాన్న ఏమీ అనలేదు. అమ్మ మాత్రం "ఏటిరా బాబూ, కొత్తదా, వాడిందా?" అనడిగింది. పార్వతీపురం వెళ్ళి వేరే ఎడాప్టరు తెచ్చాక పని చేసింది.

ఇహ అక్కణ్ణుంచీ రెండ్రోజులు ఫీచర్ల పాఠం. రీడయల్ నాన్నకి వెంటనే నచ్చింది. ఫ్లాష్ బటన్ అంటే ఫోను ఒక్క క్షణం పెట్టేసి మళ్ళీ ఎత్తినట్టు అని చెప్తే, "ఆ పని చేత్తో చెయ్యలేమా?" అన్నారు. పల్స్, టోన్ స్విచ్ దగ్గర మాత్రం నేను లెక్చర్ దంచాను. పల్స్‌లో 9 నొక్కితే లైను తొమ్మిదిసార్లు తెగి అతుక్కుంటుంది, సున్నాకి పదిసార్లు. టోన్‌లో అయితే ప్రతి అంకెకీ రెండు స్వరాలు కలిపి మోగుతాయి, బ్యాంకువాళ్ళ "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" గోలకి పనికొచ్చేది ఇదే. అమ్మకి నచ్చింది పేజ్ బటన్. బేస్ మీద అది నొక్కితే హ్యాండ్‌సెట్ ఎక్కడున్నా కూస్తుంది. తలగడ కిందా, బియ్యం డబ్బా మీదా, పెరట్లో రుబ్బురోలు మీదా.

మూడో రోజు అమ్మ హ్యాండ్‌సెట్ సంచీలో వేసుకుని సంతకెళ్ళింది. వచ్చాక నామీద విరుచుకుపడింది. "వైరు లేదని నువ్వే కదరా చెప్పావు, మరి సంతలో పని చెయ్యదేటి?"

నవ్వేశాను గానీ, ఆ ప్రశ్నకి సరైన జవాబు చెప్పాలంటే చాలా చరిత్ర చెప్పాలి. తర్వాత తెలిసింది, అదే ప్రశ్న మీద మనదేశంలో సుప్రీంకోర్టు దాకా కేసు నడిచిందని!

తీగలేని టెలిఫోనుకి అమెరికాలో 1969లో పేటెంటు తీసుకున్నాయన పేరు జార్జ్ స్వైగర్ట్, ఒహాయో రాష్ట్రంలో ఒక హ్యామ్ రేడియో ఔత్సాహికుడు. ఇళ్ళలోకి వచ్చిన తొలితరం కార్డ్‌లెస్‌లు అచ్చంగా రేడియోలే. మాటలకి ఏ రక్షణా లేదు, పక్కింటివాళ్ళు వినొచ్చు. మరీ తొలిరోజుల్లోవాటికి సెక్యూరిటీ కోడ్ కూడా లేదు, మీ బేస్ మీద డయల్ టోన్ పట్టి పొరుగింటాయన కాల్ చేసుకుంటే బిల్లు మీకొచ్చేది. ఈ గోలకి అసలైన మందు 1990ల మొదట్లో యూరప్‌లో వచ్చిన డెక్ట్ ప్రమాణం. పది ఫ్రీక్వెన్సీలు, ఒక్కో దానిమీద పది మిల్లీసెకన్ల ఫ్రేములు, ఫ్రేముకి 24 స్లాట్లు, పన్నెండు అటూ పన్నెండు ఇటూ. నేను తెచ్చిన దాని మీద "డెక్ట్ 6.0" అని ఉంది. అప్పటికే 5.8 గిగాహెర్ట్జ్ ఫోన్లు మార్కెట్లో ఉన్నాయి కాబట్టి ఆరు పెద్దంకె అని పెట్టిన పేరది, నిజానికి అది నడిచేది 1.9 మీద :-) వర్షన్ నంబర్లతో మార్కెటింగ్‌వాళ్ళ చేతివాటం మన వృత్తిలో ఉన్నవాళ్ళకి కొత్తేం కాదుగా.

ఇదే డెక్ట్‌ని పట్టుకుని మద్రాసు ఐఐటీలో ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం వేరే లెక్క వేసింది. అప్పట్లో ఒక్క టెలిఫోను లైను వెయ్యాలంటే సుమారు నలభై వేలు ఖర్చు. అది పదివేలకి దిగితే తప్ప మామూలు మనిషి ఇంటికి ఫోను రాదు. ఖర్చంతా ఎక్కడ? ఎక్స్చేంజ్ నుంచి ఇంటిదాకా పాతే రాగితీగలో. ఆ తీగ తీసేసి, బేస్‌ని ఊరి టవరు మీదా, "హ్యాండ్‌సెట్"ని ఇంటి గోడమీదా పెడితే? అలా పుట్టింది కోర్‌డెక్ట్. మిడాస్ అనే కంపెనీతో కలిసి తయారు చేశారు. మామూలు డెక్ట్ ఆరుబయట మూడొందల మీటర్లు వెళ్తే గొప్ప. దీన్ని ఇంటిమీద యాంటెన్నాతో పది కిలోమీటర్లు తీసుకెళ్ళారు.

ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. డెక్ట్‌లో ఒక స్లాటుకీ ఇంకో స్లాటుకీ మధ్య వదిలే ఖాళీ సుమారు 52 మైక్రోసెకన్లు. అయిదు కిలోమీటర్లు వెళ్ళి రావడానికి సిగ్నల్‌కి 33 మైక్రోసెకన్లు పడుతుంది, సరిపోతుంది. పది కిలోమీటర్లయితే 67, పక్కవాడి స్లాటులో పడుతుంది. అందుకని గోడమీది పెట్టె తన దూరాన్ని బట్టి ఆ మేరకు ముందే పంపడం మొదలుపెడుతుంది. ఇంత చిన్న సర్దుబాటుతో దూరం రెట్టింపు. పైగా మాట్లాడుతూనే ఇంటర్నెట్ కూడా వాడుకోవచ్చు, డయలప్‌లో ఇంట్లో ఎవరైనా ఫోను ఎత్తితే నెట్ తెగిపోయే కాలంలో!

కానీ ఆ పది కిలోమీటర్లకీ ఒక షరతుంది. బేసూ, ఇల్లూ ఒకదానికొకటి కనపడాలి. మైదానంలో సరే. మా ఊళ్ళో టవరెక్కి చూస్తే కనపడేది కొండే. గూడేలన్నీ దాని వెనకాల.

అంతకుముందు ఇలాంటి ఊళ్ళకి ప్రభుత్వం చేసిన ప్రయత్నాలు రెండు చెప్పాలి. 1984లో శామ్ పిట్రోడా నాయకత్వంలో మొదలైన సీ-డాట్ తయారుచేసిన గ్రామీణ ఎక్స్చేంజ్ నాకు ఇప్పటికీ అబ్బురమే. 128 పోర్టులు, ఏసీ అక్కర్లేదు, దుమ్ముకీ ఎండకీ తట్టుకునేలా కట్టారు. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. రెండోది మార్, అంటే మల్టీ యాక్సెస్ రూరల్ రేడియో. 1990ల్లో పంచాయతీ ఫోన్లకి వాడిన వైర్‌లెస్ పద్ధతి. ఇందులో ఎక్కువగా పెట్టిన రకం రెండు ఛానెళ్ళని పదిహేను ఊళ్ళకి పంచేది. రెండూళ్ళవాళ్ళు మాట్లాడుతుంటే మిగతా పదమూడూ ఆగాలి. అదైనా పనిచేస్తే కదా! సోలార్ పలకలూ, బ్యాటరీలూ, రిపేరుకి రాని మెకానిక్కులూ... దేశమంతా చాలావరకు మూగబోయాయి. 2002 నుంచి వచ్చిన యూఎస్ఓ నిధితో లక్షా ఎనభై వేలకి పైచిలుకు మార్ ఫోన్లని తీసేసి వేరేవి పెట్టాల్సొచ్చింది. 2005లో భారత్ నిర్మాణ్ మొదలయ్యేనాటికి ఒక్క ఫోను కూడా లేని ఊళ్ళు ఇంకా 66,822 మిగిలాయి.

అదే 2005లో అమ్మ ప్రశ్న ఢిల్లీలో వచ్చింది. టాటావాళ్ళ "వాకీ", రిలయన్స్‌వాళ్ళ "అన్‌లిమిటెడ్ కార్డ్‌లెస్" చూట్టానికి ఇంటి ఫోన్లే. కాకపోతే లోపల ఉన్నది సీడీఎంఏ, తీసుకెళ్ళి ఇంకో వీధిలో పెట్టినా మోగుతాయి. ఇది ఇంటి ఫోనా, సెల్‌ఫోనా? ఇంటి ఫోనయితే ఒక లెక్క, కదిలేదయితే బీఎస్ఎన్ఎల్‌కి యాక్సెస్ డెఫిసిట్ ఛార్జీ కట్టాలి. పల్లెల్లో నష్టానికి ల్యాండ్‌లైన్లు నడుపుతున్నందుకు ఇచ్చే డబ్బది. కంపెనీలు ఇంటిదే అన్నాయి. 2008లో సుప్రీంకోర్టు బీఎస్ఎన్ఎల్ వైపే మొగ్గింది. అమ్మ సంచీలో పెట్టుకున్నది అలాంటిదయ్యుంటే సంతలో మోగేదే. నా అభిప్రాయం అడిగితే కోర్టు చెప్పింది సబబే. "అన్‌లిమిటెడ్" అని అచ్చేసుకుని, ఛార్జీ దగ్గరకొచ్చేసరికి "ఇల్లు దాటదండీ" అంటే ఎలా?

సరే, మా ఇంటికొద్దాం. నేను వెళ్ళిపోయిన మరుసటేడు వానాకాలంలో ఒక రాత్రి కొండమీది గూడెం నుంచి ఇద్దరు కుర్రాళ్ళొచ్చి తలుపు కొట్టారు. ఒకామెకి నొప్పులొస్తున్నాయి, డోలీలో కిందికి దింపుతున్నారు, 108కి చెప్పాలి. ఆ సర్వీసు మన రాష్ట్రంలో మొదలైంది 2005 ఆగస్టు 15న, అప్పటికి మూడేళ్ళు. గూడెంలో ఫోను లేదు, మాస్టారింట్లో ఉంది కదాని పరిగెత్తుకొచ్చారు. ఆ రాత్రి కరెంటు లేదు. కరెంటు లేకపోతే కార్డ్‌లెస్ బేస్ లేదు. హ్యాండ్‌సెట్‌లో బ్యాటరీ నిండుగా ఉంది, కానీ ఏం లాభం?

పాత నల్లఫోనుకి ఈ బాధ లేదు. ఎక్స్చేంజ్‌లో 48 వోల్టుల బ్యాటరీలుంటాయి, మాట వచ్చే రెండు తీగల్లోనే కరెంటూ వస్తుంది. ఊరంతా చీకటైనా పనిచేస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు. పల్స్ గురించీ టోన్ గురించీ రెండ్రోజులు వాగినవాణ్ణి, ఇదొక్కటీ చెప్పలేదు. "పాతది తీసి అటక మీద పెట్టెయ్యండి" అని చెప్పిందీ నేనే.

నాన్న టార్చి నోట్లో పెట్టుకుని నిచ్చెనెక్కి, దాన్ని వెతికి దింపి, తుడిచి, గోడమీద బాక్సులో పెట్టేసరికి ఇరవై నిమిషాలు పట్టిందట. డయల్ టోన్ వచ్చింది. బండి రోడ్డు దాకా వచ్చింది. తల్లీ పిల్లా క్షేమం. ఇదంతా వారం తర్వాత ఫోన్లో అమ్మ మామూలు కబుర్ల మధ్య చెప్పింది. నాన్న చెప్పనేలేదు. ఆ తర్వాత నేనెప్పుడు వెళ్ళినా రెండు ఫోన్లూ పక్కపక్కనే ఉండేవి.

2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం కొత్త జిల్లాగా ఏర్పడింది. అదే ఏడు జులైలో కేంద్రం సిగ్నల్ లేని 24,680 ఊళ్ళకి 4జీ ఇస్తామని 26,316 కోట్లు మంజూరు చేసింది. మా వైపు గుట్టెక్కి ఫోను పైకెత్తి పట్టుకునేవాళ్ళని నేను ఆ తర్వాత కూడా చూశాను. కొండ వెనకాల ఉన్నవాడికి డెక్ట్ అయినా 4జీ అయినా కొండ కొండే.

ల్యాండ్‌లైన్ సరెండర్ చేసేసి చాన్నాళ్ళయింది. నల్లఫోను అటకెక్కింది. కార్డ్‌లెస్ బేస్ మాత్రం ఇంకా టీవీ పక్కనే ఉంది, లైను లేకపోయినా పేజ్ నొక్కితే హ్యాండ్‌సెట్ కూస్తుందని అమ్మకి ముచ్చట. మొన్న వెళ్ళినప్పుడు సెల్‌ఫోను ఎక్కడో పెట్టి మర్చిపోయి ఇల్లంతా వెతుకుతోంది. నా ఫోన్నుంచి రింగిద్దామని చూస్తే సిగ్నల్ లేదు.

"దీనికి ఆ బొత్తాం పెట్టలేదేటిరా?" అంది.