రామానుజన్ పట్టికలో చోటు దక్కని సంఖ్య: 293318625600

తనకంటే చిన్న సంఖ్యల్లో దేనికీ లేనన్ని కారణాంకాలున్న సంఖ్యను రామానుజన్ అధిక సంయుక్త సంఖ్య అన్నారు. 12కు ఆరు కారణాంకాలున్నాయి. 11 వరకు ఏ సంఖ్యకూ అన్ని లేవు. 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో అచ్చయిన ఆయన వ్యాసంలో 6746328388800 దాకా ఇలాంటి సంఖ్యల పట్టిక ఉంది. అంత పొడవైన పట్టికలో జారిపోయింది ఒక్కటే: 293318625600. మన లెక్కలో 29,331 కోట్ల 86 లక్షల 25 వేల 600.

దీన్ని విడగొడితే 2⁶×3⁴×5²×7²×11×13×17×19 వస్తుంది. ప్రతి ఘాతాంకానికీ ఒకటి కలిపి గుణిస్తే కారణాంకాల సంఖ్య 7×5×3×3×2×2×2×2, అంటే 5040. ఆ 5040 కూడా అధిక సంయుక్త సంఖ్యే కావడం ముచ్చటైన విషయం. 1 నుంచి 22 వరకు ప్రతి సంఖ్యా దీన్ని నిశ్శేషంగా భాగిస్తుంది; 23 భాగించదు. కారణాంకాలన్నీ కూడితే మొత్తం ఈ సంఖ్యకు సుమారు 5.6 రెట్లు.

ఇంత నిండైన సంఖ్య ఎలా తప్పిపోయింది? కారణం ఈ రకం సంఖ్యల స్వభావంలోనే ఉందని నా అభిప్రాయం. ప్రధాన సంఖ్యలు పెరిగేకొద్దీ ఘాతాంకాలు పెరగకూడదనీ, 4, 36 తప్ప మిగతా అన్నిటిలో చివరి ఘాతాంకం 1 కావాలనీ రామానుజన్ నిరూపించారు. ఇవి తప్పనిసరి షరతులే గాని, చాలినవి కావు. 30=2×3×5 వీటికి చక్కగా లోబడుతుంది; అయినా దానికున్నట్టే ఎనిమిది కారణాంకాలు దానికంటే చిన్నదైన 24కూ ఉన్నాయి. ఒక సంఖ్య రూపం చూసి తీర్పు చెప్పలేం, కింద ఉన్నవాటితో పోల్చి తీరాలి.

ఇక్కడ ఆ పోటీ ఎంత దగ్గరిదో చూడండి. దీనికి ముందున్న అధిక సంయుక్త సంఖ్య 240940299600. దాని కారణాంకాలు 4800. వెంటనే వచ్చేది 2⁶×3³×5²×7×11×13×17×19×23, అంటే 321253732800, దానికి 5376. ఇందులో 23ను తీసేసి 3×7ను చేరిస్తే మన సంఖ్య వస్తుంది. 23 పోవడంతో కారణాంకాలు సగమవుతాయి. 3 ఘాతాంకం పెరిగి 5/4 రెట్లు, 7 ఘాతాంకం పెరిగి 3/2 రెట్లు అవుతాయి. 5376లో 15/16 వంతు 5040. సంఖ్య తగ్గింది 21/23 వంతుకే, కారణాంకాలూ ఇంచుమించు అంతే తగ్గాయి. పట్టికలో మాత్రం 4800 తర్వాత నేరుగా 5376 కనిపిస్తుంది.

321253732800 ఉన్నత అధిక సంయుక్త సంఖ్య కూడా: ఏదో ఒక ధన ఘాతానికి, కారణాంకాల సంఖ్యను ఆ ఘాతానికి హెచ్చించిన సంఖ్యతో భాగిస్తే, అన్ని సంఖ్యల్లోకీ గరిష్ఠ విలువ దానికే దక్కుతుంది. మన సంఖ్యకు ఆ హోదా లేదు. ఇలాంటి ఉన్నత సంఖ్యలను సూత్రంతో వరసగా రాబట్టవచ్చు; వాటి నడుమ ఉన్నవాటిని ఒక్కొక్కటిగా వెతికి పట్టుకోవాలి. వెతకాల్సింది చేత్తో, కోట్ల కోట్ల మధ్య.

అయితే మన సంఖ్యను 23తో గుణిస్తే కారణాంకాలు 10080 అవుతాయి, లబ్ధం 6746328388800. అది పట్టికలో చివరి సంఖ్య.