గ్రావెల్: ఏటి ఒడ్డున పుట్టిన మాట

కార్లు, లారీలు తిరగని మట్టి దారుల్లో, చెరువు గట్ల మీద, చిన్న గుట్టల మధ్య సైకిల్ తొక్కితే ఇప్పుడు దాన్ని గ్రావెల్ బైకింగ్ అంటున్నారు. మనకు గ్రావెల్ అంటే రోడ్డుకు పోసే ఎర్రమట్టి. తెలంగాణలో దాన్నే మొరం అంటారు. మాట మాత్రం పాత ఫ్రెంచిది. ‘గ్రావ్’ అంటే ఇసుక, ఒడ్డు. పారిస్‌లో సెన్ నది పక్కన అదే మాట నుంచి పేరు వచ్చిన ‘ప్లాస్ ద గ్రెవ్’ అనే మైదానం ఉండేది. పని కోసం కూలీలు అక్కడే నిలబడేవారు. ఫ్రెంచివాళ్లు సమ్మెను ‘గ్రెవ్’ అనడం ఆ చోటి చలవే!

సైకిళ్లకు ఈ పేరు అంటించడంలో అమెరికాదే పెద్ద పాత్ర. కాన్సాస్‌లోని ఫ్లింట్ హిల్స్‌లో 2006లో మొదలైన గ్రావెల్ సైకిల్ పందెం బాగా పేరుపడింది. అక్కడి చెకుముకిరాళ్లు టైరు పక్కల్ని ఇట్టే చీరేస్తాయి. అందుకే చాలామంది 40 మి.మీ. వెడల్పుకు తగ్గని టైర్లు వేస్తారు. ఇక పేరు మాటకొస్తే, తెలుగులో ‘కంకర సైకిల్’ అనొద్దు. మొరం బాట మీద తొక్కినవాళ్లెవరూ ఒప్పుకోరు.