తిరగేసిన గ్లాసు, ఖాళీ కుర్చీ

ఈరోజు మాట్లాడుకోబోయేది ఒక టేబుల్ గురించి. దాని దగ్గర ఎవరూ కూర్చోరు. అసలు కూర్చోకూడదు.

అమెరికాలో మిలిటరీ భోజనశాలల్లో, మాజీ సైనికుల విందుల్లో ఓ పక్కన ఈ చిన్న గుండ్రటి టేబుల్ వేసి ఉంటుంది. పేరు 'మిస్సింగ్ మ్యాన్ టేబుల్'. యుద్ధంలో కనిపించకుండా పోయినవాళ్ళ కోసం, శత్రువుకి చిక్కినవాళ్ళ కోసం. వియత్నాం యుద్ధంలో ఎగిరిన ఫైటర్ పైలట్ల నుంచి ఈ ఆచారం వ్యాపించింది.

టేబుల్ ఎందుకు చిన్నది? బందీ అక్కడ ఒంటరివాడు కాబట్టి. తెల్లగుడ్డ, అతను వెళ్ళిన ఉద్దేశంలోని స్వచ్ఛత. ఎర్ర గులాబీ, ఎదురుచూసే ఇంటివాళ్ళు. ప్లేటులో నిమ్మ ముక్క, చేదు రాత. పక్కన ఉప్పు, ఆ కుటుంబం కన్నీళ్ళు. కొవ్వొత్తి, ఆశ. గ్లాసు బోర్లించి ఉంటుంది, ఎందుకంటే ఈ రాత్రి అతను మనతో కలిసి తాగలేడు. కుర్చీ ఖాళీ.

ఇదంతా ఎందుకు అవసరమైంది? 1973లో 591 మంది అమెరికన్ ఖైదీలు విడుదలై ఇంటికొచ్చారు. కానీ ఇంకా రెండున్నర వేల మందికి పైగా లెక్క తేలలేదు. అలాంటి ఒక నేవీ పైలట్ భార్య మేరీ హాఫ్. 1970 జనవరిలో ఆయన కనిపించకుండా పోయారు. వీళ్ళకంటూ ఒక జెండా ఉండాలని పట్టుబట్టింది ఆవిడే. న్యూట్ హైస్లీ గీసిన ఆ నలుపు తెలుపు జెండాలో తల వంచుకున్న మనిషి, వెనక కాపలా టవర్, ముళ్ళకంచె. 1982లో అది వైట్ హౌస్ మీద ఎగిరింది. అమెరికాలో ఉన్న మన వ్యూయర్స్ పోస్టాఫీసుల దగ్గర చూసే ఉంటారు.

నేను కోడ్ రాసే రోజుల్లో మొదట నేర్చుకున్నదొకటి: డేటాబేస్‌లో 'నల్' అంటే సున్నా కాదు, 'తెలియదు' అని. ఈ కుటుంబాల బతుకు అదే. చనిపోయారంటే కర్మ చేస్తాం, ఏడుస్తాం, ఏడాదికి తద్దినం పెడతాం. తెలియదంటే ఏం చేస్తాం? బొట్టు ఉంచుకోవాలా, తీసేయాలా?

ఇది అమెరికా కథ మాత్రమే కాదండి. 1971 యుద్ధంలో మనకి చిక్కిన సుమారు 93,000 మంది పాకిస్తాన్‌వాళ్ళని తర్వాత వెనక్కి పంపేశాం. మనవాళ్ళు 54 మంది అక్కడి జైళ్ళలోనే ఉన్నారని మన ప్రభుత్వ లిస్టు, ఎవరూ లేరని పాకిస్తాన్ మాట. 2007లో కొందరు బంధువులు స్వయంగా వెళ్ళి ఆ జైళ్ళు చూశారు. ఖాళీ చేతుల్తో తిరిగొచ్చారు.

టేబుల్ వేస్తే మనిషి రాడు, నిజమే. కానీ ఆ కుర్చీ తీసేస్తే ఫైలు మూసేసినట్టే. అందుకే తీయరు.