గోదావరి ప్రాంతంలో కాస్టిక్ సోడా పరిశ్రమ

గోదావరి ప్రాంతంలో కాస్టిక్ సోడా పరిశ్రమ ప్రధానంగా కొవ్వూరు, సగ్గొండలలో ఆంధ్రా సుగర్స్ సంస్థ నెలకొల్పిన కర్మాగారాలతో ముడిపడి ఉంది. 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ ఈ సంస్థను తణుకులో చక్కెర తయారీకై స్థాపించాడు. తరువాత ఇది రసాయనాలకు విస్తరించి, ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనాన్ని కూడా తయారుచేసింది. 2022 నాటి జిల్లాల పునర్విభజనతో కొవ్వూరు, సగ్గొండ తూర్పు గోదావరి జిల్లాలోకి వచ్చాయి. పాత గ్రంథాలలో ఇవి పశ్చిమ గోదావరి జిల్లాలోనివిగా కనిపిస్తాయి.

ఉత్పత్తి విధానం

ఉప్పునీటిని విద్యుద్విశ్లేషణ చేసినపుడు కాస్టిక్ సోడా, క్లోరిన్, హైడ్రోజన్ లభిస్తాయి. ఒక టన్ను కాస్టిక్ సోడాతో పాటు సుమారు 0.88 టన్నుల క్లోరిన్ తప్పనిసరిగా వెలువడుతుంది. ఈ పరిశ్రమ కష్టాలలో సగం ఇక్కడే ఉన్నాయనవచ్చు. కాస్టిక్ సోడాను తొట్లలో నిల్వ చేయవచ్చు గాని, విషవాయువైన క్లోరిన్‌ను ఎక్కువకాలం పెద్దమొత్తంలో నిల్వ ఉంచడం ప్రమాదకరం. 1984 నాటి భోపాల్ దుర్ఘటన తరువాత వచ్చిన 1989 నియమావళి ఇటువంటి రసాయనాల నిల్వపై కఠినమైన షరతులు విధించింది. అందువలన క్లోరిన్‌కు గిరాకీ తగ్గితే, కాస్టిక్ సోడాకు మంచి ధర ఉన్నా ఉత్పత్తిని తగ్గించవలసి వస్తుంది. కాగితపు మిల్లులు పర్యావరణ నిబంధనల ఒత్తిడి వలన గుజ్జును తెల్లబరచడానికి క్లోరిన్‌ను విడిచి క్లోరిన్ డయాక్సైడు వైపు మళ్ళడంతో ఒక పాత కొనుగోలుదారు వర్గం దూరమైంది.

పాదరసం

పూర్వం దేశంలోని అనేక కర్మాగారాలు పాదరస ఘటాలను వాడేవి. 2003లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమలతో కుదుర్చుకున్న ఒప్పంద పత్రం ప్రకారం, 2012 నాటికి ఇవన్నీ మెంబ్రేన్ ఘటాలకు మారవలసి ఉంది. మార్పిడికి పెట్టుబడి ఎక్కువైనా, కొత్త ఘటాలకు విద్యుత్తు తక్కువ సరిపోతుంది. కనుక ఈ నిబంధన పరిశ్రమకు భారమే కాక మేలు కూడా చేసింది.

విద్యుత్తు, పోటీ

మెంబ్రేన్ విధానంలో కూడా టన్నుకు రెండు వేల యూనిట్లకు పైగా విద్యుత్తు అవసరం. ఉత్పత్తి వ్యయంలో అతి పెద్ద భాగం ఇదే. కొవ్వూరుకు సమీపంలోని విజ్జేశ్వరం సహజవాయు విద్యుత్ కేంద్రాన్ని రాష్ట్ర విద్యుత్ మండలి, పరిశ్రమలు ఉమ్మడిగా నెలకొల్పాయి. ఆంధ్రా సుగర్స్ కూడా అందులో వాటాదారు. అయితే 2013 నుండి కృష్ణా-గోదావరి బేసిన్ వాయువు కొరత వలన ఈ ప్రాంతపు గ్యాస్ విద్యుత్ కేంద్రాలు చాలావరకు మూలపడ్డాయి. ఇంటి ముంగిట వాయు నిక్షేపాలున్నా వాటి కేటాయింపు ఢిల్లీలో నిర్ణయమవుతుంది.

దేశంలో ఉత్పత్తి సామర్థ్యంలో అధికభాగం గుజరాత్‌లో ఉంది. ఉప్పు కూడా అత్యధికంగా అక్కడే పండుతుంది. తూర్పు తీరంలో ఈ సరుకుకు పెద్ద కొనుగోలుదారు అల్యూమినా పరిశ్రమ. ఒడిషాలోని దామన్‌జోడిలో అల్యూమినా శుద్ధి కర్మాగారం ఉన్న నాల్కో సంస్థకు విశాఖపట్నం రేవులో కాస్టిక్ సోడా దిగుమతి సదుపాయం ఉన్నందున, స్థానిక ధర విదేశీ ధరను అనుసరించక తప్పదు. చైనా, దక్షిణ కొరియా తదితర దేశాల సరుకుపై కేంద్రం వేర్వేరు కాలాలలో యాంటీ డంపింగ్ సుంకాలు విధించింది. 2018లో భారతీయ ప్రమాణాల సంస్థ ధ్రువీకరణను తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు జారీ చేసింది. ఇవి ఉత్పత్తిదారులకు రక్షణ అయినా, అల్యూమినా, సబ్బు, వస్త్ర పరిశ్రమలకు ముడిసరుకు ధరను పెంచుతాయి.