కుక్కకు ఏ టీకా ఎప్పుడు వేయించాలి?

ఇంట్లో పెంచే కుక్కైనా, మేకల దొడ్డి దగ్గర కాపలా కుక్కైనా టీకాల లెక్క ఒక్కటే. పిల్లకు 6 నుంచి 8 వారాల వయసులో మొదటి సూది పడాలి. పార్వో, డిస్టెంపర్, లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులకు కలిపి వేసే టీకా ఇది. తల్లి నుంచి వచ్చిన రక్షణ మొదట్లో టీకాను సరిగా పనిచేయనివ్వదు. అందుకే 16 వారాలు నిండేదాకా 3, 4 వారాలకోసారి బూస్టర్ వేయించాలి. అప్పటిదాకా పిల్లను వీధిలో తిప్పకపోవడమే మేలు. పార్వో వస్తే రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

రేబిస్ టీకా 3 నెలలకు, ఆపై ఏటా. 1885 జులై 6న లూయీ పాశ్చర్ తొలి రేబిస్ టీకా వేశారు. ఆ రోజున ఏటా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా టీకాలు వేస్తుంటారు. టీకా వేయించిన కుక్కే కదా అని కరిస్తే ఊరుకోవద్దు. గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం పూయొద్దు.

నులిపురుగుల మందు 3 నెలల వరకు 2 వారాలకోసారి, 6 నెలల వరకు నెలకోసారి, తర్వాత 3 నెలలకోసారి తాగించాలి. బక్రీద్‌కైనా, మామూలు రోజుల్లోనైనా కోసిన జంతువు పచ్చి కలేజీ, ఊపిరితిత్తులు కుక్కకు వేయడం మాత్రం మానాలి. వాటిలో తిత్తులుంటే కుక్క కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు మనిషి కడుపులోకి చేరితే కాలేయంలో నీటి తిత్తులు ఏర్పడతాయి. ఈ పురుగుకు ప్రాజిక్వాంటెల్ ఉన్న మందే కావాలి.

పిడుదుల వల్ల కూడా జ్వరం, రక్తహీనత వస్తాయి. వాటి మందు మోతాదు కుక్క బరువును బట్టి డాక్టరే చెప్పాలి.