పాడ్యమి నుండి ఆదివారము దాకా

వారమునకు దినములేడు, వానిలో నొకటి విశ్రాంతికి అని పసితనమునుండి విని పెరిగిన మనకు ఆ యేర్పాటు సూర్యచంద్రులతోపాటు పుట్టినట్లే తోచును. కాని తెలుగునాట కూలినాలి చేసికొని బ్రదుకువానికి ఆదివారము సెలవుదినమై నూటనలువదియేండ్లైనను నిండలేదు. అంతకుముందు మనవారు విశ్రమింపనేలేదని దీనికి అర్థము కాదు. వారి విశ్రాంతికి లెక్క వేఱు. ఆ లెక్క తిథులనుబట్టియు, ఋతువులనుబట్టియు నడచెడిది.

ఆ లెక్కలో మొదట పేర్కొనవలసినవి అనధ్యయన దినములు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్య అను తిథులయందు వేదము చెప్పరాదు, చదువరాదు అని ధర్మశాస్త్రకారుల శాసనము. అమావాస్యనాటి పాఠము గురువునకును, చతుర్దశినాటి పాఠము శిష్యునకును చేటు తెచ్చుననియు, అష్టమీ పూర్ణిమలనాటి పాఠము వేదమునే చెఱచుననియు మనువు హెచ్చరించినాడు. లంకనుండి తిరిగివచ్చిన హనుమంతుడు సీతాదేవి కార్శ్యమును తోడి వానరులకు వివరించుచు, దానిని పాడ్యమినాడు పాఠము చదువువాని విద్యతో పోల్చినట్లు సుందరకాండయందు కలదు. విరహముచే కృశించిన రాజపత్నికి ఉపమానము వెదకుచు కవి పాఠశాల సెలవుకడకు పోయినాడన్నచో, ఆ సెలవు నాటి శ్రోతల మనస్సులలో ఎంత గాఢముగా నాటుకొనియుండెనో ఊహింపవచ్చును. శుక్ల కృష్ణ పక్షములు రెండింటను కలిపి లెక్కించినచో ఇట్టి దినములు నెలకు ఎనిమిది. వారమున కైదుదినములు మాత్రమే పనిచేయు నేటి కార్యాలయోద్యోగికి దక్కునదియు ఇంచుమించుగా ఇంతియే.

వీధిబడులలో వేదపాఠము లేకున్నను ఈ మర్యాద చాలవఱకు పాటింపబడెడిది. పిల్లలు దానిని ఆటవిడుపు అనిరి. అరుగుమీద ఇసుకలో అక్షరములు దిద్ది దిద్ది వ్రేలికొనలు మండిన బాలునకు అమావాస్యకంటె శుభతిథి మరియొకటి యుండునా? అయితే పెద్ద ఆటవిడుపు దసరా. నవరాత్రులలో అయ్యవారు పిల్లలకు కొత్తబట్టలు కట్టించి, చేతికి రంగుకాగితములంటించిన విల్లంబులిచ్చి, వరుసగా నిలిపి, పద్యములు పాడించుచు ఇంటింటికిని తీసికొనిపోయెడివాడు. గృహస్థు అయ్యవారికి యథాశక్తి మామూలు సమర్పించి, పిల్లలకు పప్పుబెల్లాలు పంచి పంపెడివాడు. పిల్లలకది సెలవు, అయ్యవారికి మాత్రము సంవత్సరమంతటిలో అంత శ్రమపడు దినములు వేఱు లేవు, ఏలయన ఆయన జీతములో ముఖ్యభాగము ఆ దినములలోనే వసూలు కావలెను. ఒకని విశ్రాంతి మరియొకని పాటు అను సంగతి సెలవుల చరిత్రలో అడుగడుగునను కానవచ్చుచుండును. దానికి ఈ పప్పుబెల్లాల ఊరేగింపే తొలి నిదర్శనము.

వృత్తిపనులవారికిని తిథియే ప్రమాణము. తాపీపనివారు, వడ్రంగులు మొదలగువారు అమావాస్యనాడు పనిముట్టు పట్టకుండుట మన జిల్లాలలో పెక్కుచోట్ల నేటికిని కలదు. ఇల్లు కట్టించుకొనువారు క్యాలెండరులో ఆదివారములకుముందు అమావాస్యలను చూచుకొందురు. ఆయుధపూజనాడు పనివాడే గాక పనిముట్టుకూడ విశ్రమించును. కర్షకునకు కనుమ పశువుల పండుగ. ఆనాడు ఎద్దులకు కాడి లేదు, మనుష్యునకు ప్రయాణము లేదు, కాకియైనను కదలదని సామెత. ఇక వారముల మాటకు వచ్చినచో, పల్లెవాసికి అవి విశ్రాంతితో గాక సంతతో ముడిపడినవి. కర్నూలులో బుధవారపేట, హైదరాబాదులో జుమ్మేరాత్ బజారు ఈ సంగతికి సాక్ష్యములు. సంతనాడు సేదదీరుట మాట అటుంచి, తట్టలు మోసి, బేరములాడి, ప్రొద్దుక్రుంకిన పిమ్మట ఇల్లు చేరవలసివచ్చెడిది.

ఇట్టి జీవనములో శ్రమ యుండెను, ఆకలి యుండెను. విసుగు మాత్రము, నేడు మనమెరిగిన రూపమున, అంతగా ఉండెనని నేననుకొనను. దుక్కికిని కోతకును నడుమ పని తెఱపి యిచ్చును. మగ్గముకడ పాటయు, కబురును సాగును. ప్రొద్దున ఒక గంట కొట్టగానే మొదలై సాయంకాలము మరియొక గంట కొట్టువఱకు ఏకరీతిగా సాగు పని కుంఫిణీ కచేరీలతోనే మనకు వచ్చినది. దస్త్రములకు నకళ్లు వ్రాయుట, తాఖీదులు తర్జుమా చేయుట, మరునాడు మరల అదియే చేయుట: ఈ వృత్తి మనకు ఉద్యోగిని ఇచ్చినది, వానితోపాటు విసుగును ఇచ్చినది, ఆ విసుగునకు విరుగుడుగా దీర్ఘకాలపు సెలవును ఇచ్చినది.

ఆ సెలవును తెలుగువారిలో అందఱికంటె ఘనముగా వినియోగించుకొన్నవాడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన చెన్నపట్టణము సుప్రీముకోర్టులో దుబాసీ. దొరలమాట కక్షిదారులకును, కక్షిదారులమాట దొరలకును చేరవేయుటయే దినకృత్యముగా గలవాడు. అట్టివాడు పైవారి అనుమతి పొంది, 1830 మే 18వ తేదీన ఇంచుమించు నూరుగురు పరివారముతో కాశీయాత్రకు బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలములమీదుగా హైదరాబాదు చేరి, అటనుండి నాగపురము, జబ్బల్పూరు, ప్రయాగలు దాటి కాశిని సేవించి, గయను, కలకత్తాను చూచి, జగన్నాథము, గంజాము, విశాఖపట్టణముల మార్గమున 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. అప్పటికి ఈ దేశమున పొగబండి లేదు. త్రోవలో తాను చూచిన సంగతులను కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల అను మిత్రునకు ఎప్పటికప్పుడు వ్రాసి పంపగా, ఆయన వానిని 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించెను. అప్పటికి గ్రంథకర్త కీర్తిశేషుడు.

ఆ గ్రంథమును చదువువానికి ఒక విశేషము తోచకమానదు. గ్రంథకర్త పుణ్యార్థియే, క్షేత్రమాహాత్మ్యములయందు శ్రద్ధగలవాడే. ఐనను మజిలీకిని మజిలీకిని నడుమ త్రోవ యెట్టిది, నీళ్లెట్టివి, ఊరిలో అంగళ్లున్నవా, దిగుటకు వసతి కలదా, దొరతనము ఎవరిది అని ఆయన వ్రాసిపెట్టిన తీరు చూడగా, కచేరీని విడిచి వందల ఆమడలు పోయినను కచేరీ అలవాటు ఆయనను విడువలేదని స్పష్టమగును. దానికి మనము సంతోషింపవలెను. ఉద్యోగి సెలవులో కూడ ఉద్యోగిగానే మిగిలిపోవుట సాధారణముగా జాలిపడదగిన విషయము. ఇచ్చట మాత్రము దానివలన తెలుగువచనమునకు మొదటి గొప్ప యాత్రాగ్రంథము లభించినది. స్వతంత్రభారత ప్రభుత్వము తన ఉద్యోగులకు 1956లో సెలవు ప్రయాణపు రాయితీని ఏర్పఱచినది. దానితో దేశము చుట్టివచ్చినవారు లక్షలకొలది యుందురు గాని, వీరాస్వామయ్యకు సాటివచ్చు పుస్తకము వారిలో ఎవ్వరును వ్రాసినట్లు కనబడదు.

అందఱికిని పదునైదునెలల సెలవు దొరకదు గదా. తక్కినవారు సాయంకాలములను ఆశ్రయించిరి. 1817లో కుంఫిణీ కొలువునకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను పగలు పన్నులును వ్యాజ్యములును చూచి, మిగిలిన వేళను, తన సొంతధనమును వేమన పద్యములకును, తాళపత్రప్రతుల సేకరణకును, నిఘంటువునకును వెచ్చించెను. కడపలోని తన బంగళాలో పండితులకు జీతములిచ్చి పనిచేయించెను. వినోదముగా మొదలైనది ఒక భాషకు జీవనాధారమైనది. బళ్లారిలోనో, అంతయు న్యాయవాదుల రాజ్యము. ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు ఇరువురును ప్లీడర్లు. పగలు కోర్టులో వాదించి, రాత్రి నాటకములు వ్రాసి, చెఱియొక సమాజమును నిలిపి, ఊరిని రెండు పక్షములుగా చీల్చినారు. రామకృష్ణమాచార్యుల మేనల్లుడు బళ్లారి రాఘవయు న్యాయవాదియే. ఆంధ్రనాటకరంగపు ప్రథమ వైభవమునకు కోర్టు సెలవులు చేసిన మేలు ఎవ్వరును లెక్కగట్టలేదు. నా ఎఱుకలో అది స్వల్పము కాదు.

ఇంతవఱకు చెప్పినది వ్రాతకోతలు వచ్చినవారి కథ. వారికి ఆదివారము అడుగకయే వచ్చినది. దొరలు ఆనాడు గుడికి పోవుదురు గనుక కచేరీ మూతపడెడిది. యంత్రశాలలో పనిచేయువానికి అట్లు రాలేదు. 1881వ సంవత్సరమున భారతదేశమునకు రెండు చట్టములు వచ్చినవి. ఒకటి చెల్లుబాటు పత్రముల చట్టము: హుండీకిగాని ప్రామిసరీ నోటునకుగాని గడువు ఆదివారమునాడు ముగిసినచో, అంతకుముందరి పనిదినమే గడువుగా ఎంచవలెనని దానిలో నున్నది. రెండవది మొదటి ఫ్యాక్టరీల చట్టము: ఏడు మొదలు పండ్రెండేండ్లలోపు పిల్లలకు దినమునకు తొమ్మిదిగంటలకు మించి పని చెప్పరాదనియు, నెలకు నాలుగుదినములు సెలవు ఈయవలెననియు దానిలో నున్నది, పెద్దలకు సెలవు ప్రసక్తియే లేదు. అనగా కాగితపు ముక్కకు ఆదివారము దొరకిన యేట, మనుష్యునకు దొరకలేదు.

ఆ కొఱతను తీర్చుటకు పూనుకొన్నవాడు నారాయణ మేఘాజీ లోఖండే. ఆయన జ్యోతిరావు ఫూలే శిష్యకోటిలోనివాడు. కొంతకాలము బొంబాయిలో ఒక మిల్లున సరకుల కొట్టు చూచినవాడు. 1880 మొదలుగా దీనబంధు పత్రికను నడపినవాడు. 1884లో ఆయన కార్మికులను సమావేశపఱచి, సుమారు 5,500 మంది చేవ్రాళ్లతో ఒక మహజరు సిద్ధము చేసినాడు. అందలి కోర్కెలు చదివినచో నేడు కన్నులు చెమర్చును: ఆదివారమునాడు సెలవు, మధ్యాహ్నము అరగంట విరామము, సూర్యాస్తమయముతో పని విడుచుట, గడచిన నెల జీతము మరునెల పదునైదవ తేదీలోపల చెల్లించుట. యజమానులు వినలేదు. ఆఱేండ్లు గడచిన పిమ్మట, 1890 ఏప్రిల్ 24న, ఇంచుమించు పదివేలమంది కూడిన సభలో ఇరువురు స్త్రీలుకూడ మాటలాడిరి. జూన్ 10న మిల్లుయజమానుల సంఘము ఆదివారపు సెలవునకు అంగీకరించినది. మరుసటి సంవత్సరము చట్టమును సవరించి, వారమునకొక దినము విశ్రాంతిని ప్రభుత్వము దేశమంతటను శాసనబద్ధము చేసినది.

మహారాష్ట్రులకు ఆదివారము ఖండోబా దేవుని వారము కూడ. మన కొమురవెల్లి మల్లన్న ఆ దేవునికి సోదరరూపమే. ఆయన జాతరయు ఆదివారములనే సాగును. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీలు బొంబాయి మిల్లులలో పెక్కుమంది పనిచేసిరి. కామాఠిపుర అను పేట తెలుగు కామాఠీల పేరనే వెలసినది. కావున ఆ ఆదివారమును పరాయి మతమువారి కానుకగా మాత్రమే భావించుట సరికాదు. అది అడిగి, పోరి, సాధించుకొన్న దినము.

హైదరాబాదు రాజ్యమున ఆదివారము మరింత ఆలస్యముగా వచ్చినది. అచట నిజాము కచేరీలకును విద్యాలయములకును శుక్రవారము సెలవు. 1948లో పోలీసుచర్య జరిగి రాజ్యము భారతదేశమున కలిసినపిమ్మటగాని ఆదివారము ఆ స్థానమును ఆక్రమింపలేదు. పనిగంటల కథ ఇంకొక పుస్తకమునకు తగినది. ఇచ్చట మెట్లు మాత్రము చెప్పెదను. 1922లో వారమునకు అఱువది గంటలు, 1934లో ఏబదినాలుగు, 1946లో నలువదియెనిమిది.

దుకాణములు, భోజనశాలలు, నాటకశాలలలోని పనివారికొఱకు 1942లో వారపు సెలవుల చట్టము చేయబడినది. సెలవునాటి జీతము కోయరాదని దానిలో స్పష్టముగా నున్నది. రాష్ట్రప్రభుత్వము ప్రకటించినచోటనే అది అమలులోనికి వచ్చును. ఫ్యాక్టరీల చట్టము ఫ్యాక్టరీ గోడదాటి రాలేదు. మనము ఆదివారమునాడు తీరికగా భోజనముచేసి లేచిన పిమ్మట ఆ గిన్నెలు తోము పనిమనిషికిని, మన బియ్యము పండించు పొలములోని కూలికిని ఈ రెండు చట్టములలో దేనియందును సెలవు లేదు.