బందరు తీరము – ఉప్పెనలు

గాలివాన వేరు, ఉప్పెన వేరు అని మన తీరవాసులు ఎన్నడో గుర్తించిరి. గాలివాన ఇండ్ల కప్పులు లేపును, చెట్లు కూల్చును. ఉప్పెన యనగా సముద్రమే గట్టు దాటి ఊరిమీదికి వచ్చుట. దీనికి ప్రత్యేకముగా ఒక పేరు పెట్టుకొనుటలోనే ఎంత అనుభవము దాగియున్నదో శ్రోతలు ఊహింపవచ్చును.

ఆంగ్లమున ‘సైక్లోన్’ అను మాట పుట్టినది పందొమ్మిదవ శతాబ్దపు నడుమ. కలకత్తాలో నౌకా ప్రమాదముల విచారణ సభకు అధ్యక్షుడైన హెన్రీ పిడింగ్టన్, 1848లో నావికుల కొరకు ప్రకటించిన గ్రంథములో, పాము చుట్టను తలపించు గ్రీకు పదము నుండి దానిని కల్పించెను. ఆయన వర్ణించిన తుపానులలో గోదావరి ముఖమునందలి మన కోరంగి తుపాను ఒకటి. 1789 డిసెంబరులో మూడు మహాతరంగములు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆ రేవును ముంచినవి. 1839 నవంబరులో మరల అదే గతి పట్టినది. ఆ రెండవసారి మూడు లక్షల మంది పోయిరని పుస్తకములలో కనబడు లెక్కను నమ్ముట కష్టము. ఆ రేవు చుట్టుప్రక్కల అంత జనము ఉండిరనుకొనుటయే సాహసము. ఓడలు కట్టుటకు పేరుపడిన కోరంగి మరల తలయెత్తలేదనుట మాత్రము నిజము.

బందరు వంతు 1864లో వచ్చినది. నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము మామూలు పోటు మట్టము కంటె 13 అడుగులు లేచి, కోటను, పేటలను ముంచి, మైళ్ళ దూరము లోపలి పల్లెలలోనికి ప్రాకినది. సుమారు 30,000 మంది మరణించిరి. ఉప్పెన తీసిన తరువాతి దినములు కూడ తక్కువవి కావు. నూతులు, చెరువులు ఉప్పనగును. నీటి నడుమ నిలిచి దాహముతో అలమటించవలసి వచ్చును. కార్తికమాసమనగా వరి కోతకు వచ్చు కాలము. ఆ ఏటి పంట పోవుటయే కాక, నేలలో ఉప్పు దిగి మరుసటి ఏటి పంటకును చేటు వచ్చును.

దీనికి సరిగా ఇరువది యేడు దినములకు ముందే, అక్టోబరు 5న, కలకత్తా మరియొక తుపానులో మునిగినది. ఆ దెబ్బకు 1865లో అక్కడి రేవులో హెచ్చరిక ఏర్పాటు ప్రారంభమయ్యెను. 1875లో వాతావరణ శాఖయే పుట్టినది. ఓడల నష్టము చూచి మేలుకొనిన ప్రభుత్వమునకు పల్లెవాసులు జ్ఞాపకము వచ్చుటకు ఇంకను చాలకాలము పట్టినది.

ఇక్కడ ఒక సంగతి విపులముగా చెప్పవలెను. మన అర్ధగోళములో తుపాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుదిశగా సుడి తిరుగును. అది తూర్పు నుండి వచ్చి మన తీరము దాటునప్పుడు, కేంద్రమునకు దక్షిణముననున్న ఊళ్ళలో గాలి నేల నుండి సముద్రము మీదికి వీచును. ఉత్తరముననున్న ఊళ్ళలో సముద్రము నుండి నేలమీదికి వీచి, నీటిని త్రోసికొని వచ్చును. తీరమున సముద్రము లోతు తక్కువైనచో ఆ నీరు క్రిందికి పోలేక పైకి లేచును. కనుక తుపాను దాటు చోటు ఒకటి, ఉప్పెన ముంచు చోటు మరియొకటి కావచ్చును.

1977 నవంబరు 19న జరిగినది ఇదియే. తుపాను చీరాల ప్రాంతమున తీరము దాటినది. దానికి ఈశాన్యముననున్న దివిసీమపై సుమారు ఐదు మీటర్ల ఎత్తున నీరు వచ్చి పడినది. సొర్లగొంది వంటి పల్లెలు తుడిచిపెట్టుకొని పోయినవి. ప్రభుత్వపు లెక్కలలోనే మృతులు సుమారు పదివేల మంది. పూరిండ్లు నిలువలేదు, గుడి, బడి వంటి గట్టి కట్టడముల మీదికి చేరినవారు బ్రతికిరి. తుపాను ఆశ్రయములను మిద్దెలుగా, నీరు క్రిందుగా పోవునట్లు స్తంభముల మీద కట్టుట ఆ తరువాతనే తీరమంతట వ్యాపించినది. కొన్ని చోట్ల అవి మామూలు దినములలో పాఠశాలలుగా పనికివచ్చుచున్నవి. ఇది మంచి పద్ధతి. తాళము వేసియుంచిన కట్టడము అవసరమునకు తెరచుకొనదు.

1990 మే 9న కృష్ణ ముఖము దాపున మరియొక ప్రచండమైన తుపాను తీరము దాటినది. ఈసారి లక్షన్నరకు పైగా జనమును ముందుగనే తరలించిరి. మృతుల సంఖ్య వేయి లోపుననే ఆగినది. గాలి బలము తగ్గుటచేత కాదు; జనము ఆ దారిలో లేకపోవుటచేత.

తుపాను కన్ను ఊరిమీదుగా పోవునప్పుడు గాలి ఒక్కసారిగా నిలిచి, ఆకాశము తేటపడవచ్చును. అంతయు ముగిసినదని బయటికి వచ్చువారికి, కొంతసేపటికి గాలి ఎదురుదిక్కు నుండి అంత బలముగను తగులును. ట్రాన్సిస్టరుకు వేరుగా బ్యాటరీలు, మూత బిగించిన పాత్రలలో మంచినీరు, అటుకులు, అగ్గిపెట్టె ముందే సిద్ధము చేసికొనుట, పశువుల పలుపులు విప్పివేయుట పెద్దలెరిగిన పనులే. రేవులో ఎగురవేయు ప్రమాద సూచికలలో పదవది మహాప్రమాదమునకు గుర్తని అందరికిని తెలియును. దాని తరువాత పదకొండవది కూడ కలదు. హెచ్చరిక కేంద్రముతో సంబంధము తెగిపోయినదనియు, స్థానికాధికారి దృష్టిలో ప్రమాదము పొంచియున్నదనియు దాని అర్థము.